గరుకు రొమ్ము ఇంప్లాంటు సమీక్ష: కొత్తగా వద్దు, ఉన్నవాళ్లు వాపులోంచి తీసిన మొదటి నీటిని పారబోయనివ్వొద్దు

ఈ సమీక్షలో ముఖ్యంగా చెప్పుకునే సరుకు ఇప్పుడు మార్కెట్లో లేదు. అలెర్గాన్ కంపెనీ నాట్రెల్ పేరుతో అమ్మిన బయోసెల్ రకం గరుకు ఇంప్లాంట్లను, వాటి చుట్టూ లింఫోమా (ఒంటి రక్షణ కణాల్లో పుట్టే క్యాన్సరు) అరుదుగా వస్తోందని, 2019 జూలై 24న ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. అయినా రాయాల్సి వస్తోంది. అమ్మకం ఆగిందే గానీ, అప్పటికే పెట్టించుకున్నవాళ్ల ఒంట్లో అవి అలాగే ఉన్నాయి. రొమ్ము క్యాన్సరుకి విశాఖలోనో హైదరాబాదులోనో ఆపరేషన్ చేయించుకుని, ఇంప్లాంటు పెట్టించుకుని, మళ్లీ విజయనగరం, బొబ్బిలి, శ్రీకాకుళం, పలాస వచ్చేసి తమ పనుల్లో తాము పడిపోయినవాళ్లున్నారు. అందం కోసం పెట్టించుకుని ఇంట్లో అత్తగారికి కూడా చెప్పనివాళ్లున్నారు. ఈ రాత వాళ్ల కోసం, వాళ్ల సందేహం మొదట వినే మన ఊళ్ల డాక్టర్ల కోసం, స్కానింగు సెంటర్ల కోసం.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. కొత్తగా పెట్టించుకునేవాళ్లు బాగా గరుకుగా ఉండే రకం ఏ కంపెనీదైనా తీసుకోవద్దు. ఇప్పటికే ఒంట్లో ఉండి ఏ ఇబ్బందీ లేనివాళ్లు భయపడి తీయించుకోనక్కర్లేదు. ఆపరేషనై ఏడాది దాటాక ఒక పక్క రొమ్ము వాస్తే మాత్రం, అందులోంచి తీసిన మొదటి సిరంజి నీరు సైటాలజీకి (కణాలని మైక్రోస్కోపు కింద చూసే పరీక్ష), సీడీ30 పరీక్షకి (కణాల మీద ఈ లింఫోమా గుర్తు ఉందేమో చూసేది) వెళ్లి తీరాలి. కల్చర్‌కి (సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే పరీక్ష) మాత్రమే పంపితే చాలదు. పారబోస్తే అసలు కుదరదు.

ముందు ఈ వస్తువు తయారీ గురించి. ఏ రొమ్ము ఇంప్లాంటైనా పైన సిలికోన్ రబ్బరు తొడుగు, లోపల సిలికోన్ జెల్ లేదా సెలైన్. ఒంట్లో పెట్టగానే శరీరం దాని చుట్టూ మచ్చకండతో పల్చటి సంచి అల్లుకుంటుంది. దాన్నే క్యాప్సూల్ అంటారు. నున్నటి తొడుగు చుట్టూ ఈ సంచి కొందరిలో బిగుసుకుపోయి రొమ్ము గట్టిపడుతుంది, నొప్పి పెడుతుంది. తొడుగు గరుకుగా ఉంటే ఆ నారపోగులు ఒకే వరుసలో పేరుకోవని, బిగుతు తగ్గుతుందని గరుకు రకం తయారు చేశారు. ఇంకో అవసరం కూడా ఉంది. నీటిబొట్టు ఆకారంలో ఉండే ఇంప్లాంటు లోపల తిరగబడితే రొమ్ము ఆకారం చెడుతుంది. అది కదలకుండా కండకి పట్టుకుని ఉండాలంటే గరుకు కావాలి. కాబట్టి మీది గుండ్రటి రకం కాకుండా నీటిబొట్టు ఆకారం అని సర్జన్ చెప్పి ఉంటే, అది గరుకు రకమే అనుకుని మొదలుపెట్టండి. నాట్రెల్ 410 అలాంటిదే.

గరుకులో తేడాలున్నాయి, ఈ సరుకు తప్పు ఆ తేడాల్లోనే ఉంది. బయోసెల్ తయారీలో ఇంకా ఆరని సిలికోన్ మీద ఉప్పు పలుకులు అద్ది, తర్వాత కడిగేస్తారు. ఉప్పు కరిగిన చోటల్లా గుంటలు మిగులుతాయి. మెంటార్ వాళ్ల సిల్‌టెక్స్ అలా కాదు, ఫోము అచ్చు ఒత్తి గరుకు తెస్తారు, గుంటలు లోతు తక్కువ. మూడో రకానికి పైన పాలీయూరిథేన్ ఫోము పూత ఉంటుంది. 2018లో వచ్చిన ఐఎస్ఓ 14607 ప్రమాణం ప్రకారం గరుకు సగటు 10 మైక్రాన్లలోపైతే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) నున్నటిది, 10 నుంచి 50 దాకా మైక్రో, 50 దాటితే మాక్రో. గరుకు ఎక్కువైన కొద్దీ కండకి తగిలే పైభాగం పెరుగుతుంది. ఆ గుంటల్లో సూక్ష్మజీవులు పొరలా అతుక్కోవడానికి చోటు దొరుకుతుంది, తొడుగు రాపిడికి చిన్న తునకలు రాలతాయి. ఏళ్ల తరబడి అక్కడ వాపు రగులుతూ ఉంటే, దాన్ని ఎదుర్కోవడానికి వచ్చిన రక్షణ కణాలు, టీ-కణాలే కొందరిలో దారి తప్పి క్యాన్సరవుతాయి. ఆ కణాల్లో జాక్-స్టాట్ అనే సంకేతాల దారిలో జన్యుమార్పులు కనిపించాయి.

ఇలా వచ్చే జబ్బు పేరు బ్రెస్ట్ ఇంప్లాంట్ అసోసియేటెడ్ అనాప్లాస్టిక్ లార్జ్ సెల్ లింఫోమా. పొడవు పేరు కాబట్టి డాక్టర్లు బీఐఏ-ఏఎల్‌సీఎల్ అంటారు. చీటీ మీద ఇలా రాయించుకుని దగ్గర పెట్టుకోండి, ల్యాబులో అదే పనికొస్తుంది. ఇది రొమ్ము కణజాలంలో పుట్టే రొమ్ము క్యాన్సరు కాదు. ఇంప్లాంటుకీ క్యాప్సూల్‌కీ మధ్య చేరే నీటిలో, క్యాప్సూల్ లోపలి గోడ మీద పుట్టే లింఫోమా. అందుకే మామోగ్రాం రిపోర్టు బాగుందని ఊరుకుంటే కుదరదు. ఆ నీటిని పట్టుకోవడం మామోగ్రాం పని కాదు.

మొదటి కేసు వైద్య పత్రికలో వచ్చింది 1997లో. మందుల్నీ వైద్య పరికరాల్నీ అదుపు చేసే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ ఈ సంబంధం ఉండొచ్చని 2011 జనవరిలో చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో దీన్ని విడి జబ్బుగా తన జాబితాలో తాత్కాలికంగా చేర్చింది. 2018 డిసెంబరులో యూరప్‌లో అలెర్గాన్ గరుకు రకాలకి అమ్మకపు గుర్తింపు పొడిగించలేదు. 2019 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ మాక్రో గరుకునీ, పాలీయూరిథేన్ పూతనీ నిషేధించింది. అదే ఏడాది జూలైలో ఎఫ్‌డీఏ లెక్క ప్రకారం ప్రపంచమంతా కలిపి 573 కేసులు, 33 మరణాలు. ఆ 573లో 481 అలెర్గాన్ ఇంప్లాంట్లున్నవాళ్లవి. అమెరికాలో అమ్మిన మిగతా గరుకు రకాలతో పోలిస్తే బయోసెల్‌తో ముప్పు సుమారు ఆరు రెట్లని తేల్చి, వెనక్కి తీసుకొమ్మని కంపెనీని అడిగారు. ఆ జాబితాలో టిష్యూ ఎక్స్‌పాండర్లు కూడా ఉన్నాయి. రొమ్ము తీసేశాక చర్మం సాగడానికి కొన్ని నెలలు పెట్టే తాత్కాలిక సంచి అది. చివరికి పెట్టింది నున్నటిదైనా, మధ్యలో పెట్టిన ఎక్స్‌పాండర్ గరుకుదైతే అది కూడా మీ చరిత్రలో భాగమే. ఈ మాట చాలామందికి ఎవరూ చెప్పలేదు.

కంపెనీ ఇచ్చిన వారంటీ విషయంలో ఒక మాట అనక తప్పదు. వెనక్కి తీసుకున్నాక అమెరికాలో, బదులుగా నున్నటి ఇంప్లాంటు ఉచితంగా ఇస్తామన్నారు, 2021 జూలై దాకా. ఆపరేషన్ ఖర్చు మాత్రం ఇవ్వలేదు. ఒంట్లో పెట్టే వస్తువుకి అసలు ఖర్చంతా తీసి పెట్టడంలోనే ఉంటుంది. దాన్ని పేషెంటు మీద వదిలేసిన వారంటీని వారంటీ అని మేం అనలేం.

మీ ఒంట్లో ఏది ఉందో తెలుసుకోవడం ఇప్పుడు చెయ్యాల్సిన మొదటి పని. ఇంప్లాంటు పెట్టెతో పాటు అంటించే స్టిక్కర్లు వస్తాయి. ఒకటి ఆస్పత్రి కేస్ షీట్‌లో అంటిస్తారు, ఒకటి మీకిచ్చే కార్డు మీద. దాని మీద కంపెనీ పేరు, మోడల్ లేదా స్టైల్ నంబరు, రెఫ్, లాట్, సీరియల్ నంబర్లు, సీసీల్లో పరిమాణం ఉంటాయి. నాట్రెల్, అంతకు ముందు పేర్లయిన మెక్‌గాన్, ఇనామెడ్ కనబడితే జాగ్రత్తగా చదవండి. అదే పేర్లతో నున్నటి రకాలూ అమ్మారు కాబట్టి పేరు చూసి కంగారు పడొద్దు, గరుకో నున్నదో స్టైల్ నంబరు చెబుతుంది. ఆ నంబరు మీ సర్జన్‌కి వాట్సాప్‌లో ఫోటో పంపి అడిగినా సరిపోతుంది.

కార్డు పోతే డిశ్చార్జి సమ్మరీ చూడండి. అందులో సాధారణంగా 'సిలికోన్ ఇంప్లాంట్ 275 సీసీ' అని మాత్రమే ఉంటుంది, అది చాలదు. ఆపరేషన్ నోట్సు అడగాలి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాల ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డు చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు ఉంచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మూడేళ్లు దాటితే వాళ్ల దగ్గర లేకపోవచ్చు. కాబట్టి నిన్నా మొన్నా ఆపరేషనైనవాళ్లు ఈ వారమే రాతపూర్వకంగా అడిగి తెచ్చుకోండి. దరఖాస్తు రెండు కాపీలు రాసి, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. పాతవాళ్లు సర్జన్ సొంత రిజిస్టరు కోసం అడగండి. చాలామంది సర్జన్లు ఇంప్లాంటు స్టిక్కర్లు విడిగా ఒక పుస్తకంలో అంటించి దాచుకుంటారు. ఎక్కడా దొరక్కపోతే మీది గరుకే అనుకుని మెలగండి. అలా అనుకోవడం వల్ల నష్టమేమీ లేదు, వాపొస్తే త్వరగా కదులుతారు, అంతే.

ముప్పు ఎంత? జబ్బు అరుదు, అది మర్చిపోవద్దు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ డాక్టర్లు 2019లో వేసిన లెక్కలో సిల్‌టెక్స్‌తో 86,029లో ఒకరికి, బయోసెల్‌తో 3,345లో ఒకరికి, సిలిమెడ్ పాలీయూరిథేన్ రకంతో 2,832లో ఒకరికి వచ్చింది. బాగా గరుకు రకం చాలా ఏళ్లు వాడి, పేషెంట్లని వదలకుండా చూస్తూ వచ్చిన న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆస్పత్రి సర్జన్ ఒకరి లెక్కలో అది 355 మందిలో ఒకరు. ఆస్ట్రేలియా లెక్కకీ న్యూయార్క్ లెక్కకీ ఇంత తేడా రావడానికి ఒక కారణం, జబ్బు బయటపడటానికి సగటున ఎనిమిది, పదేళ్లు పట్టడం. రెండేళ్లు చూసి ఆపేసిన చోట కేసులు దొరకవు. మనకి ఇక్కడ ఉపయోగపడే విషయం అదే: పెట్టించుకుని అయిదేళ్లయింది, ఇంక భయం లేదు అనుకోకూడదు. అసలు గమనించాల్సిన కాలం అప్పుడే మొదలవుతుంది.

గుర్తుపట్టడం కష్టం కాదు. ఎక్కువ మందిలో మొదట కనిపించేది వాపే. కొన్ని రోజుల్లోనో కొన్ని వారాల్లోనో ఒక పక్క రొమ్ము పెద్దదవుతుంది, జాకెట్టు ఆ పక్కే బిగుతవుతుంది, బరువుగా ఉంటుంది. జ్వరం ఉండదు, చర్మం ఎర్రబడటం తక్కువ. కొందరికి చేతికి గడ్డ తగులుతుంది, కొందరికి చంకలో బిళ్లలు వస్తాయి, అరుదుగా చర్మం మీద దద్దురు వస్తుంది. ఇన్‌ఫెక్షన్ అయితే సాధారణంగా ఆపరేషనైన కొత్తల్లో, జ్వరంతో, ఎర్రగా, ముట్టుకోనివ్వనంత నొప్పితో వస్తుంది. ఇంప్లాంటు చిట్లితే చాలాసార్లు ఏమీ తెలియదు, ఆకారం కొంచెం మారుతుంది. ఏడాది దాటాక, దెబ్బ తగలకుండా, జ్వరం లేకుండా నీరు చేరితే దాన్ని బీఐఏ-ఏఎల్‌సీఎల్ కాదని నిరూపించేదాకా అనుమానంగానే చూడాలి.

మన జిల్లాల్లో పొరపాటు ఎక్కువగా జరిగే చోటు ఇదే. వాపుతో వెళితే మొదట యాంటీబయాటిక్ కోర్సు రాస్తారు. వాపు కొంచెం తగ్గినట్టుంటుంది, మళ్లీ వస్తుంది. రెండోసారి ఓపీలో కూర్చోబెట్టి సూది వేసి నీరు లాగేస్తారు, మనిషికి హాయిగా ఉంటుంది. ఆ నీరు ట్రేలోంచి సింకులోకి పోతుంది, లేదా కల్చర్‌కి మాత్రం పోతుంది. కల్చర్‌లో ఏమీ పెరగలేదని రిపోర్టు వస్తుంది. 'ఏం లేదమ్మా' అని పంపేస్తారు. మూడోసారి నీరు చేరినప్పుడు ఎవరో అనుమానించి సైటాలజీకి పంపితే, అప్పటికి నీటిలో జబ్బు కణాలు పల్చబడి ఉండొచ్చు. పదే పదే లాగడం వల్ల పరీక్ష పట్టుకునే అవకాశం తగ్గుతుంది. మొదటి సిరంజిలోనే ఎక్కువ సమాచారం ఉంటుంది. ఎవరిలోనూ చెడు ఉద్దేశం లేదు. ఇంత అరుదైన జబ్బు ఒక డాక్టరుకి జీవితంలో ఒక్కసారి కూడా ఎదురుపడకపోవచ్చు. అందుకే అడగాల్సిన బాధ్యత పేషెంటు మీద కూడా పడుతోంది, అది న్యాయం కాకపోయినా.

సరైన వరస ఇది. మొదట అల్ట్రాసౌండ్. సోనాలజిస్టుకి ఇంప్లాంటు ఉందని తప్పకుండా చెప్పండి. సిగ్గుపడి చెప్పకపోతే నల్లగా కనిపించే ఇంప్లాంటుని చూసి ఏదో తిత్తి అని రాసే ప్రమాదం ఉంది, సూది దానిలోకే వెళ్లే ప్రమాదం ఇంకా పెద్దది. రిపోర్టులో మూడు విషయాలు ఉండాలి: ఇంప్లాంటు చుట్టూ నీరు సుమారు ఎన్ని మిల్లీలీటర్లు, క్యాప్సూల్ గోడ మీద గడ్డ ఉందా లేదా, రెండు చంకల్లో బిళ్లలు ఎలా ఉన్నాయి. అయిదు, పది మిల్లీలీటర్ల పల్చటి నీరు ఇబ్బంది లేనివాళ్లలోనూ కనబడుతుంది. అంతకన్నా ఎక్కువుండి, ఒక పక్కే ఉంటే లాగి పరీక్షించాలి. స్కానింగులో తేలకపోతే ఎంఆర్ఐ.

నీరు తీసేటప్పుడు సూది అల్ట్రాసౌండ్ చూస్తూనే వెయ్యాలి. గుడ్డిగా వేస్తే ఇంప్లాంటు చిల్లు పడుతుంది. పేషెంటుని కొంచెం పక్కకి తిప్పితే నీరు కిందికి చేరి సూదికి చోటు దొరుకుతుంది. వచ్చినంతా తియ్యాలి. 50 మిల్లీలీటర్లు దొరికితే మంచిది, 10 కంటే తక్కువైతే పరీక్షలకి చాలకపోవచ్చు. తీసిన నీటిని భాగాలు చెయ్యాలి. ఒక భాగం తాజాగా సైటాలజీకి, స్లైడులు వేసి, మిగిలింది సెల్ బ్లాక్ (కణాలని ఒక చోట చేర్చి మైనంలో ముద్దకట్టడం) చెయ్యడానికి. ఇంకో భాగం ఫ్లో సైటోమెట్రీకి (బతికున్న కణాలని యంత్రంలో ఒక్కొక్కటిగా చూసే పరీక్ష, పొట్టిగా ఫ్లో), ల్యాబు ఇచ్చిన గొట్టంలోనే, నమూనాలు నిల్వ చేసే ఫార్మలిన్ చుక్క కూడా పడకుండా. ఫార్మలిన్ కలిస్తే కణాలు చచ్చిపోయి ఫ్లో పనికిరాదు. కొంచెం మాత్రం శుభ్రమైన సీసాలో కల్చర్‌కి. గడ్డ కూడా ఉంటే దానికి బయాప్సీ వేరే చెయ్యాలి, నీరు బాగుందని గడ్డని వదిలేయకూడదు.

ల్యాబు చీటీ మీద ఏం రాశారన్నది అన్నిటికన్నా ముఖ్యం. 'బ్రెస్ట్ ఫ్లూయిడ్, సైటాలజీ' అని మాత్రం రాస్తే పెథాలజిస్టు రొమ్ము క్యాన్సరు కణాల కోసం వెతుకుతారు. అవి కనబడవు, 'మాలిగ్నెంట్ కణాలు లేవు, వాపు కణాలున్నాయి' అని రిపోర్టు వస్తుంది. రాయాల్సింది: ఇంప్లాంటు పెట్టిన నెల, ఏడాది, గరుకో నున్నదో, నీరు ఎన్ని మి.లీ. తీశారు, బీఐఏ-ఏఎల్‌సీఎల్ అనుమానం, సీడీ30 ఇమ్యూనో, టీ-కణాల మార్కర్లు, ఏఎల్‌కే. ఇమ్యూనో అంటే సీడీ30, ఏఎల్‌కే లాంటి గుర్తులు కణాల మీద ఉంటే రంగు పట్టించి చూపే పరీక్ష. జబ్బుంటే పెద్ద పెద్ద కణాలు, గుర్రపు నాడా ఆకారంలో కేంద్రకాలు కనిపిస్తాయి, సీడీ30 రంగు దాదాపు అన్నిటికీ గట్టిగా పడుతుంది, ఏఎల్‌కే రంగు పడదు. అక్కడొకటి అక్కడొకటి సీడీ30 కణాలు మామూలు వాపులో కూడా ఉంటాయి. కాబట్టి 'సీడీ30 పాజిటివ్' అన్న ఒక్క మాట చూసి ఇంట్లో కూలబడిపోవద్దు. కణాల ఆకారం, సంఖ్య, ఫ్లో, మూడూ కలిపి చదివి పెథాలజిస్టు తేల్చాలి.

ఇదంతా మన దగ్గర ఎంతవరకు కుదురుతుంది? స్కానింగుకీ, స్కానింగు చూస్తూ నీరు తీయడానికీ విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల్లో ఇబ్బంది లేదు. ఇమ్యూనో, ఫ్లో దగ్గరే కష్టం. కలెక్షన్ సెంటర్లో ఇస్తే నమూనా విశాఖకో హైదరాబాదుకో కొరియర్‌లో వెళుతుంది. శనివారం మధ్యాహ్నం తీసిన నీరు సోమవారం దాకా సంచిలో ఉంటే కణాలు చెడిపోతాయి. తాజా నమూనా చల్లగా ఉండాలి, గడ్డకట్టకూడదు, ఒకటి రెండు రోజుల్లో యంత్రం మీదికెక్కాలి. ఇక్కడే తీయించుకోవాల్సి వస్తే సోమ, మంగళవారాల్లో ఉదయాన్నే తీయించుకోండి. తీయడానికి ముందే ల్యాబుకి ఫోన్ చేసి ఫ్లో గొట్టం తెప్పించి పెట్టుకోండి.

మా సలహా అంతకన్నా సూటిగా ఉంది. ఈ ఒక్క పనికి విశాఖ వెళ్లండి. విజయనగరం నుంచి సుమారు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి 110 దాకా. వాపు ఒక రోజు ప్రయాణానికి తట్టుకుంటుంది, చెడిపోయిన నమూనా మళ్లీ దొరకదు. రేడియాలజీ, పెథాలజీ ఒకే ఆవరణలో ఉండే క్యాన్సర్ ఆస్పత్రికి వెళితే నీరు తీసిన గదికీ చూసే మైక్రోస్కోపుకీ మధ్య నడక దూరమే. టాటా మెమోరియల్ సెంటర్ కింద నడిచే హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి గాజువాక దాటాక అగనంపూడిలో ఉంది. ఆర్టీసీ కాంప్లెక్సులో దిగి అక్కడే అనుకుంటే పొరపాటు, ఇంకా చాలా దూరం పోవాలి, పొద్దున్నే బయలుదేరండి. కార్డు, పాత ఆపరేషన్ కాగితాలు, స్కాన్ సీడీ వెంట పెట్టుకోండి. డాక్టర్ ఎన్‌టీఆర్ వైద్య సేవలో ఏది వర్తిస్తుందో నీరు తీయించుకోక ముందే ఆస్పత్రిలోని పథకం డెస్కు దగ్గర అడగండి.

జబ్బు తేలితే తొందరపడి ఇంప్లాంటు తీసేయించుకోకూడదు. ముందు ఒళ్లంతా చూసే పెట్-సీటీ స్కాన్ చేసి ఎంతవరకు పాకిందో చూడాలి, ఆపరేషన్ దాన్ని బట్టే ఉంటుంది. అసలు చికిత్స సర్జరీయే. ఇంప్లాంటునీ దాని చుట్టూ ఉన్న క్యాప్సూల్ మొత్తాన్నీ కోయకుండా, చింపకుండా ఒకే ముద్దగా బయటికి తియ్యాలి, గడ్డ ఉంటే దానితో సహా. వెనక గోడ పక్కటెముకలకి అతుక్కుని ఉంటుంది, కష్టం అక్కడే. ఆ గోడని వదిలేసి ముందు భాగం మాత్రం తీస్తే జబ్బు అక్కడ మిగిలిపోవచ్చు. ఇది రొమ్ము పెంచే సర్జన్ ఒక్కరితో అయ్యే పని కాదు, క్యాన్సర్ సర్జన్, లింఫోమా డాక్టరు కలిసి కూర్చోవాలి. తీసిన ముద్దకి పైన, కింద, ముందు, వెనక తెలిసేలా దారంతో గుర్తులు పెట్టి పంపాలి. కొందరిలో రెండో పక్క కూడా జబ్బు ఉంటుంది కాబట్టి రెండో ఇంప్లాంటు కూడా తీస్తారు. అనుమానమున్న బిళ్లని సూదితో గుచ్చి వదలకుండా మొత్తంగా తీసి పరీక్షించాలి.

2016లో 87 మందిని గమనించి రాసిన అధ్యయనంలో అయిదేళ్ల తర్వాత 89 శాతం మంది బతికున్నారు. పూర్తిగా తీయించుకున్నవాళ్ల పరిస్థితి మిగతావాళ్లకన్నా బాగుంది. జబ్బు క్యాప్సూల్ లోపలే ఉండగా పట్టుకుంటే చాలామందికి కీమో కూడా అక్కర్లేదు. బయటికి పాకినవాళ్లకి సీడీ30 ఉన్న కణాల మీద పనిచేసే బ్రెంటుక్సిమాబ్ వెడోటిన్ అనే మందు గానీ, చాప్ అనే కొన్ని మందులు కలిపిన కీమో గానీ ఇస్తారు. వాపొచ్చిన మొదటి నెలలోనే కదలమని ఇంతలా చెప్పడం అందుకే.

ఇబ్బంది లేనివాళ్లు తీయించుకోవాలా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఎఫ్‌డీఏ వద్దంది, మేమూ వద్దంటాం. రేడియేషన్ తిన్న ఛాతీ మీద మళ్లీ కత్తి పెడితే పుండు మానకపోవడం, రక్తం గడ్డకట్టడం, ఇన్‌ఫెక్షన్, ఇవన్నీ ఈ లింఫోమా కన్నా ఎక్కువ తరచుగా జరిగేవి. దానికి బదులు నెలకోసారి స్నానమయ్యాక అద్దం ముందు రెండు రొమ్ముల పరిమాణం పోల్చి చూసుకోండి. సిలికోన్ జెల్ రకానికి అయిదారేళ్లకి ఒకసారి అల్ట్రాసౌండ్ లేదా ఎంఆర్ఐ, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి చేయించుకోమని ఎఫ్‌డీఏ చెప్పింది. అది చిట్లడం కోసం పెట్టిన లెక్కే, నీరుంటే అదీ కనబడుతుంది. మామోగ్రాంకి వెళితే ఇంప్లాంటుని వెనక్కి నెట్టి తీసే ఫిల్ములు వేరే ఉంటాయి, ముందే చెప్పండి.

కొత్తగా పెట్టించుకునేవాళ్లకి. నున్నటి గుండ్రటి రకం అడగండి. క్యాప్సూల్ బిగుసుకునే అవకాశం కొంచెం ఎక్కువే, అది ఒప్పుకుని తీసుకోవాలి. నున్నదైతే ఏ ముప్పూ ఉండదనీ కాదు: క్యాప్సూల్‌లో స్క్వేమస్ క్యాన్సరు, వేరే లింఫోమాలు అరుదుగా రెండు రకాల్లోనూ వచ్చాయని 2022 సెప్టెంబరులో ఎఫ్‌డీఏ తెలిపింది. 2021 అక్టోబరు నుంచి అమెరికాలో ఈ వస్తువు పెట్టె మీద పెద్ద హెచ్చరిక తప్పనిసరి, పేషెంటు ఒక్కో అంశం చదివి సంతకం చేసే జాబితా కూడా. అలాంటి జాబితా ఇక్కడ మీ సర్జన్‌ని అడిగినా తప్పేమీ లేదు. ఇంప్లాంటు జీవితాంతం ఉండే వస్తువు కాదని అందులో మొదట్లోనే ఉంటుంది. వీపు నుంచో పొట్ట నుంచో సొంత కండతో రొమ్ము కట్టే పద్ధతుల గురించి కూడా అడగండి, ఆపరేషన్ పెద్దదే గానీ ఈ జబ్బు గొడవ ఉండదు. అసలు ఆపరేషనే వద్దనుకుంటే బ్రాలో పెట్టుకునే సిలికోన్ రొమ్ము ఉంది. మన తీరం ఉక్కపోతకి కింద చెమట పడుతుంది, నూలు గుడ్డ జేబు కుట్టించుకుని అందులో పెట్టుకుంటే నయం.

తీయించుకున్న ఇంప్లాంటుని ఆస్పత్రి చెత్తలోకి పోనివ్వొద్దని థియేటర్లోకి వెళ్లే ముందే చెప్పండి. సీరియల్ నంబరు కనబడేలా ఫోటో తీయించుకోండి. జబ్బు తేలినా, ఇంప్లాంటు చిట్లినా ఫిర్యాదు వెళ్లాల్సింది వైద్య పరికరాల వల్ల జరిగే హానిని నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ ప్రోగ్రామ్‌కి. 2015లో మొదలైంది, ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతుంది. టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024. డాక్టరే చెయ్యాలని లేదు, మీరు కూడా చెప్పొచ్చు. కంపెనీ, మోడల్, లాట్, సీరియల్, పెట్టిన తేదీ, వాపు మొదలైన తేదీ అడుగుతారు.

వాపు తేదీ తప్ప ఆ వివరాలన్నీ ఇప్పుడే ఒక కాగితం మీద రాసి, కింద 'ఏడాది దాటాక వాపొస్తే: అల్ట్రాసౌండ్, నీరు సైటాలజీకి, సీడీ30, ఫ్లో' అని ఒక వరస కలిపి, ఇంప్లాంటు కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో రేషన్ కార్డు, ఆధార్ ఉండే చోటే ఉంచండి. ఫోటో తీసి కూతురికో చెల్లెలికో ఒకరికి పంపండి.